నా అయస్కాంతం, బాలేష్ డై

మేడ్చల్

ఏజాజ్ భాయ్‌కి,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. ఫోన్లో అయితే నువ్వు నవ్వడం వినిపిస్తుంది, అందుకని రాస్తున్నాను.

నీలాగే మా అబ్బాయి బాలేష్ కూడా ఇసుక అచ్చులు మానేసి, డై అనే ఉక్కు అచ్చులోకి కరిగిన అల్యూమినియాన్ని ఒత్తిడితో కొట్టే మెషీన్ పెట్టాడు. కరిగించే లోహం మాత్రం, నా పట్టుదల వల్ల, పాత రకమే. ఇనుము కలిస్తే పోత పెళుసవుతుందని, స్క్రాప్ మీద అయస్కాంతం తిప్పనిదే నేను భట్టీ వెలిగించనిచ్చేవాణ్ణి కాదు గదా. ఆ అయస్కాంతం అల్వాల్ పెళ్లి బ్యాండువాళ్ల పగిలిన స్పీకర్‌లోది. ఆ బ్యాండు సంగతి ఇంకోసారి రాస్తాను.

ఇప్పుడు ప్రతి పోతా డైకి అతుక్కుపోతోంది.

"నాయినా, గీ మెషీన్‌కు జర ఇనుమున్న లోహమే కావాల్నంట. లేకుంటే అల్యూమినియం డైల ఉక్కునే తిని అతుక్కుంటదంట. ఇగ నీ మడి చాలు," అన్నాడు వాడు.

ఉన్నది ఆ ఒక్క డై, అదీ పంపుల కంపెనీవాళ్లది. అది పాడైతే పని వెనక్కి తీసుకుంటారు, షెడ్డు మూసుకోవాలి. ఏ రకం లోహం తేవాలో నువ్వే వాడికి ఫోన్ చేసి చెప్పు. నా నోటికి ఇక్కడ విలువ పోయింది.

ఇది రాస్తుండగానే వాడు ఇరుక్కున్న పోతను ఉలితో కొట్టాడు. డై అంచు విరిగింది. కింద పడ్డ ఉక్కు ముక్కలను నా అయస్కాంతంతో ఏరి పెట్టాను.