పొడుగు పిడి బ్రష్షు

తాండూరు, 9 ఫిబ్రవరి 1978, గురువారం

కరణ్‌కోట గని నుంచి ఇల్లు చేరేసరికి మా ఆయన ఒళ్లంతా రాతిపొడి. దాని మీద నీళ్లు పడితే అతుక్కుపోయి దురద పెడుతుంది. అందుకే స్నానానికి ముందు ఎండు బీరపీచుతో పొడిపొడిగా రుద్దాలి. పెళ్లయిన నాటి నుంచి ఆ పని నాదే.

ఇప్పుడు నాకు ఏడో నెల. వంగితే నడుము పట్టేస్తోంది. నేనేమీ అనలేదు గానీ, ఈ రోజు బజారు నుంచి పొడుగు పిడి బ్రష్షు ఒకటి తెచ్చాడు.

"ఇగ నువ్వు వంగకు. నేనే రుద్దుకుంట" అన్నాడు.

మంచి మాటే. మరి నాకెందుకు కోపం వచ్చిందో. గిన్నెలు కాస్త చప్పుడయ్యేలాగే సర్దాను. కాన్పయ్యాక కూడా ఇక ఆ బ్రష్షేనా అని ఒకటే దిగులు.

కాసేపటికి పెరట్లోంచి పిలిచాడు. వెళ్లి చూస్తే ఒళ్లంతా శుభ్రం, వీపు నడుమ మాత్రం అరచేయంత తెల్లటి రాతిపొడి మచ్చ. రోజూ పీట మీద కూర్చునే మనిషి, నేను వంగకుండా గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"గాడికి అందుతలేదు. జర నువ్వే రుద్దు."

బీరపీచుతోనే రుద్దాను. కావాలనే నెమ్మదిగా.

ఇందాక ఆ బ్రష్షును మూలన పెడుతూ కొలిచి చూశాను. దాని పిడి నా చేయి కంటే పొడుగుంది.