గుమ్మం దాకా వచ్చిన సోంపు

ట్రెవెన్ రేవు, కార్న్‌వాల్
1957 జూన్ 23, సాయంత్రం

అక్క లవ్‌డేకి,

నీ చెల్లెలు మొర్వెన్నా ప్రేమతో రాస్తున్న సంగతులు. నేనిక్కడ క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నువ్వెలా ఉన్నావని అడగను. అడిగితే మాత్రం చెబుతావా!

ముందు నీ రాగిరంగు సోంపు సంగతి. నువ్వు వెళ్ళాక దాని మొహం కూడా చూడకూడదనుకున్నాను. ఎరువు వేయలేదు, నీళ్ళు పోయలేదు. అయినా తల్లిమొక్క నా తల దాటి పెరిగింది. కింద పొగలాంటి ఆకు, పైన పసుపుపచ్చ పూల గొడుగులు, వాటి నిండా తేనెటీగలు, పూల ఈగలు. ఆ ఈగల పిల్లపురుగులు గులాబీలకు పట్టిన పేనుబంకనంతా తినేశాయి. మందు కొట్టనిచ్చేదానివి కాదుగా, నీ మాటే నెగ్గింది, సంతోషించు.

గింజ రాలకముందే గొడుగులు కోసెయ్యాలని ఏటా పోరేదానివి. పోయిన ఏడు నాకు చేతులాడలేదు, అన్నీ రాలిపోయాయి. అవి ఎక్కడ మొలిచాయో తెలుసా? పాదులో ఒక్కటి లేదు. గేటు దగ్గర మొదలై, బాట రాళ్ళ సందుల్లో, అడుగు అడుగు ఎడంగా, ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ మన గుమ్మం దాకా వచ్చాయి. చివరిది మెట్టు మీదే ఉంది.

చేపలమ్మే తాంసిన్ పొద్దున అది చూసి లోపలికి అడుగు పెట్టలేదు. ఇదేంటే మొర్వెన్నా, ఎవరో నడిచొచ్చినట్టుంది, ఇవాళ సెయింట్ జాన్ పండుగ ముందురోజు, పొద్దు గూకేలోగా తాళంకన్నంలో సోంపు కుక్కుకో, ఊరంతా కుక్కుకుంటుంటే నీకొక్కదానికే కొమ్ములొచ్చాయా అని గేటు బయటినుంచే తిట్టింది. కుక్కకపోతే ఏమవుతుందే అన్నాను. రాకూడనివాళ్ళు వస్తారు, వచ్చినవాళ్ళు ఊరికే పోరు, ఒకర్ని వెంటబెట్టుకుపోతారు అంది. రెండు కానాగంత చేపలు గోడ మీద పెట్టి, డబ్బులు కూడా అడక్కుండా పోయింది.

వాటి పొట్టలో సోంపు పెట్టి, కాడతోనే కట్టి కాల్చాను. నా ముడి మామూలుగానే జారిపోయింది. నీ ఎడమచేతి ముడి, ఆ తిరగేసిన మెలిక, నాకు ఈ జన్మకి రాదు. ఊళ్ళో ఎవరికీ రాదు. అలవాటు చొప్పున రెండు పళ్ళేలు పెట్టాను.

అక్కా, నీ దగ్గర దాపరికమెందుకు? నేను కన్నంలో ఏమీ కుక్కలేదు. తాళంచెవి కూడా తీసేశాను. ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉండటం నావల్ల కాదు. రా. వచ్చి నన్నూ తీసుకుపో. నీలం గౌను వేసుకుని, తల దువ్వుకుని, తలుపుకెదురుగా కూర్చుని ఇది రాస్తున్నాను. భయంగా ఉంది. అయినా రా.

నీ దారే చూస్తూ,
మొర్వెన్నా

తా.క. (24వ తేదీ, ఉదయం): ఎప్పుడు నిద్ర పట్టిందో, కుర్చీలోనే తెల్లారింది. ఎండ వచ్చినా కన్నంలోంచి వెలుగు పడట్లేదు. తలుపు తీశాను. బయటివైపు నుంచి రాగిరంగు సోంపు కుక్కి ఉంది, మంచుకి తడిసి. మెట్టు మీది మొక్కని మొదలంటా ఎవరో కోసేశారు. కన్నంలో కుక్కిన ఆకుల కట్టను దాని కాడతోనే కట్టారు. ఎడమచేతి ముడి.

పోయిన అక్టోబరులో నిన్ను చర్చి దొడ్లో పూడ్చినప్పుడు పిడికెడు మట్టి నా చేత్తోనే వేశాను. అంత దూరం నుంచి గుమ్మం దాకా వచ్చి, నన్ను లోపలే ఉంచి తలుపు మూసి పోయావా! ఎంత పంతమే అక్కా నీకు! మెట్టు మీద కూర్చుని బిగ్గరగా ఏడ్చాను. ముడి మాత్రం విప్పలేదు.

ఈ ఉత్తరం నీ సమాధి రాయి కింద పెట్టి వస్తాను. ఈ ఏడు గింజ రాలకముందే గొడుగులు కోస్తాలే. ఈగలకి నాలుగు వదిలిపెడతాను.