చావింటి వంటలు

చెల్లీ లొరెట్టా,

ఆదివారం బైబిలు క్లాసులో ఓటెవరికని అడిగితే ఉన్నమాట చెప్పాను: "ఈసారి అధ్యక్ష ఎన్నికల్లో ఓటు ఎవరికీ వెయ్యను, మనస్సాక్షి ఒప్పుకోవట్లేదు" అని. బుద్ధెరిగాక మన ఇల్లూ చర్చీ అంతా వేసే పార్టీకి తప్ప వెయ్యనిదాన్ని!

సాయంత్రానికి చర్చివాళ్ళు ఒక్కొక్కరే వంటలు పట్టుకుని దిగారు, చావింటికి తెచ్చినట్టు. "ఎవరు పోయారమ్మా?" అన్నాను నవ్వుతూ. పాస్టరుగారి భార్య ఆర్డిస్ కళ్ళు తుడుచుకుని, "నీ విశ్వాసమే, అక్కా" అంది.

వాళ్ళు వెళ్ళాక గుమ్మంలో మళ్ళీ చప్పుడైంది. చూస్తే వేడివేడి చికెన్ గిన్నె; అమ్మ కారు అప్పటికే మలుపు తిరుగుతోంది. చిన్నప్పట్నుంచీ మనం తిన్న గిన్నే అది. అయినా, పరాయివాళ్ళకి ఇచ్చినట్టు, గిన్నె తిరిగి రావాలని అడుగున తన పేరు రాసి అంటించిందే అమ్మ!

అక్క