ఎవరూ కెమెరా వైపు చూడని ఫోటోలు

అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను. అక్కడ నువ్వూ వదినా పిల్లలూ క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. ప్రతి ఉత్తరంలోనూ "ఇక్కడ మేమందరం క్షేమం" అని రాసేదాన్ని కదా, ఈసారి "నేను" అని మాత్రమే రాశాను. పొరపాటున కాదు. సంగతేమిటో కింద ఉంది. వరసగానే చదువు. చివరి పేజీ ముందు తిప్పే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, ఈ ఒక్కసారికి మానుకో.

వదిన మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పాక కూడా బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికి వెళ్తోందని ఆవిడ మీద నాకు చాడీ రాశావు. మరి నువ్వేం చేస్తున్నావట? షాపులో లెన్సుల మీద దుమ్ము ఊదుకుంటూ కూర్చునే బదులు ఆ బకెట్టు నువ్వు మొయ్యకూడదూ? నేనన్నానని వదినతో చెప్పు, సంతోషిస్తుంది.

నా వంటింటి కుళాయి సంగతి అడిగావు. కారడం ఆగింది, వాషరు నేనే మార్చాను. దగ్గు కూడా తగ్గింది. ల్యాబులో మాత్రం పనితో తల ప్రాణం తోకకొస్తోంది. పోయిన వారం ఆరు పూర్తి పళ్ళ సెట్లు, పదకొండు విడి పళ్ళు. పళ్ళ డాక్టర్లు ప్లాస్టరు అచ్చు పంపిస్తారు, దాంతో పాటు ఒక చీటీ మీద రంగు నంబరు రాసి పంపిస్తారు. ఆ నంబరు చూసుకుని, పక్క పళ్ళతో కలిసిపోయేట్టు పన్ను తయారు చెయ్యడం నా పని. నిన్న మా ఓనరు ఒక పన్నుని దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని పెట్టుకున్నవాళ్ళే ఏది సొంతమో, ఏది కాదో మర్చిపోతారమ్మా" అన్నాడు. ఆయన నోట మంచిమాట ఏడాదికోసారి వస్తుంది, అందుకని రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళ నుంచీ ఈ పనే చేస్తున్నానా, నేను చేసిన పన్నుతో ఒక మనిషి నవ్వితే ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. అచ్చు వస్తుంది, పన్ను వెళ్తుంది. మనిషి మా దాకా రాడు.

ఇక లెన్సు దగ్గరికి వస్తాను. నీ షాపుకి రెండు పాత లెన్సులు వచ్చాయనీ, ఒకటి ముప్పై అయిదు, ఒకటి యాభై అనీ, రెండూ జూమ్ లేని మంచి సరుకనీ రాశావు. నా పుట్టినరోజుకి ఒకటి నాకిచ్చి రెండోది అమ్మేస్తానన్నావు. ఏది కావాలో తేల్చి చెప్పమన్నావు. అంతవరకూ బాగానే ఉంది. ఆ కింద, వచ్చే నెల మొదటి ఆదివారం నువ్వూ వదినా స్వయంగా వచ్చి ఇస్తారని చదివి ఎగిరి గంతేశాను. ఆ కింది వాక్యం చదివేసరికి గుండెల్లో రాయి పడింది. "ఆ రోజు మీ లాండ్రీ ఆవిడనీ టోపీ మాస్టారునీ భోజనానికి పిలువు. మీ వదిన వాళ్ళని చూడాలని సరదా పడుతోంది" అన్నావు.

సరే, ముందు లెన్సు.

నువ్వు చెప్పినట్టే చేశాను. పాత ఫోటోలన్నీ తీసి, ఒక్కొక్కటీ ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశానో చూసి, ఏ అంకె ఎక్కువసార్లు వస్తే అదే నా లెన్సు అన్నావు కదా. షాపుకి వచ్చేవాళ్ళందరికీ ఇదే చెబుతానన్నావు. ఆదివారం పొద్దున్న కాగితం, పెన్సిలు పెట్టుకుని కూర్చున్నాను. మూడేళ్ళలో నాలుగు వందల పన్నెండు ఫోటోలు తీశాను. అందులో ముప్పై అయిదు దగ్గర తొమ్మిది, యాభై దగ్గర నాలుగు. ఆ పదమూడులోనూ ఏడు ఫోటోలు కుళాయివి, వాషరు కొనేటప్పుడు షాపువాడికి చూపించడానికి తీసినవి. మిగిలినవాటిలో ఏ ఇరవయ్యో తప్ప అన్నీ రెండు వందలే. దూరంగా ఉన్నవాళ్ళని దగ్గరికి లాక్కోవడానికి, నువ్విచ్చిన ఆ పొడుగు లెన్సు ఎంతవరకు సాగుతుందో అంతవరకు సాగదీసి తీసినవే.

పెన్సిలు కింద పెట్టేశాను. నీకు ముప్పై అయిదని ఒక ముక్క రాసిపారేస్తే పోయేదే. కానీ నువ్వు లెన్సుల మనిషివి, వచ్చినప్పుడు కెమెరా చేతికి తీసుకుంటే ఆ అంకెలు చూడకుండా ఉంటావా?

అంకెలతో తేలకపోతే లెన్సు రింగుని ఒకచోట టేపుతో అంటించేసి వారం రోజులు కదపకుండా తియ్యమని కూడా రాశావు. అదీ చేశాను. ల్యాబు నుంచి తెల్ల టేపు తెచ్చి ముందు ముప్పై అయిదు దగ్గర అంటించాను. గది మూలన నిలబడి తీస్తే గదంతా ఒక్క ఫోటోలోకి వచ్చేసింది. మంచం, కుర్చీ, కొక్కేనికి తువ్వాలు, స్టాండులో కంచం. అన్నీ ఒక్కొక్కటే. నేను రోజూ చూసే గదే కదా, కానీ ఎవరో పరాయివాళ్ళు తీసినట్టు అనిపించి భయం వేసింది. ఆ వారం ఇంకో ఫోటో తియ్యలేదు. మరుసటి వారం యాభై దగ్గర అంటించి కిటికీలోంచి చూశాను. ఎదురుగా లాండ్రీ, దాని ముందు ఆవిడ బియ్యపుగింజంత. వేలు అలవాటుగా రింగు తిప్పబోయింది, టేపు అడ్డం వచ్చింది. "ఈ లెన్సు మనిషిని నీ దగ్గరికి తేదు. నువ్వే వెళ్ళాలి" అని నువ్వు రాసిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఇంక సాగదియ్యను అన్నయ్యా. లాండ్రీ ఆవిడ నా స్నేహితురాలు కాదు. నేనెవరో ఆవిడకి తెలీదు. టోపీ మాస్టారు లాండ్రీ పక్క పార్కులో బెంచీ మీద పేపరు చదువుకునే పెద్దమనిషి, అంతే. మాస్టారో కాదో కూడా నాకు తెలీదు. చదరంగంలో నన్ను ఓడించారని రాశాను, నవ్వించారని రాశాను. ఆయన గొంతు కూడా నేను వినలేదు. అన్నీ మా నాలుగో అంతస్తు కిటికీలోంచి తీసిన ఫోటోలు. నీ ఆఖరి ప్రశ్నకి జవాబు ఇదే. "నీ ఫోటోల్లో ఎవరూ కెమెరా వైపు చూడరేంటే?" అన్నావు. నేనక్కడ ఉన్నానని వాళ్ళకి తెలిస్తే కదా చూడటానికి!

ఎందుకిలా చేశావని అడుగుతావు. మూడేళ్ళ కిందట ఈ ఊళ్ళో ఉద్యోగానికి బయల్దేరినప్పుడు నువ్వేమన్నావో మర్చిపోయావా? "ఒంటికాయ సొంఠికొమ్ములా అక్కడ ఒక్కదానివీ ఏం ఉంటావు, ఒంటరిగా ఉన్నావని తెలిసిన మర్నాడే వచ్చి తీసుకొచ్చేస్తాను" అన్నావు. అన్నంత పనీ చేసే మనిషివి. మీ ఇంట్లో ఒక మూల మంచం వేసుకుని, పిల్లలకి అత్తగా, నీకు దిగులుగా బతకడం నాకిష్టం లేకపోయింది. నీ నోరు మూయించడానికి మొదటి ఫోటో పంపాను. "ఈవిడ మా లాండ్రీ ఆవిడ, నాతో ఎంత చనువుగా ఉంటుందో" అని రాశాను. నువ్వు స్థిమితపడ్డావు. ఇంకోటి పంపాను. ఆవిడకి భుజం నొప్పి అని ఏదో రాయాలని రాస్తే, వదిన ఏకంగా ఆవిడకోసం ఉన్ని శాలువా అల్లి పంపింది. "ఆవిడకి తెగ నచ్చింది వదినా" అని జవాబు రాశాను. రెండు చలికాలాలు ఆ శాలువా నేనే కప్పుకున్నాను. వదినకి నా ముఖం ఎలా చూపించాలో తెలీడం లేదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. టోపీ మాస్టారు చలికాలం మొదట్నుంచీ ఆ బెంచీ దగ్గరికి రావడం లేదు. మీకు మాత్రం "మాస్టారు కులాసా, నిన్నే ఆడాం" అని రాస్తూ వచ్చాను. జబ్బు పడ్డారో, ఊరు మారారో, అసలు ఉన్నారో లేరో. ఎవర్ని అడగను? ఆయన మీకేమవుతారు అంటే ఏం చెప్పను? ఒక మనిషి కోసం ఏడుపొచ్చింది, ఆ మనిషికి నేనెవరో తెలీదు. ఇంత ఒంటరితనం ఉంటుందని నేననుకోలేదు అన్నయ్యా.

మొన్న శనివారం మధ్యాహ్నం ల్యాబు మూశాక ఇంటికొచ్చి, ఉతికి మడిచిన శాలువా, ఒక దుప్పటి, నీకు పంపిన ఫోటోకి నా దగ్గరున్న కాపీ, కెమెరా, అన్నీ సంచిలో వేసుకుని వీధి దాటాను. మూడేళ్ళుగా బట్టలు ఇంట్లోనే ఉతుక్కుంటున్నాను. ఆ గుమ్మం ఎక్కడం అదే మొదలు. లోపలంతా ఇస్త్రీ ఆవిరి. ఆవిడ నేననుకున్నదానికంటే పొట్టి. దుప్పటి తీసుకుని, శాలువా పట్టుకు చూసి, "ఇది ఉన్ని. విడిగా ఉతకాలి" అంది.

"ఉతకడానికి కాదండీ. మీకే."

"నాకా? దేనికి?"

"మా వదిన మీకోసం అల్లింది. మీకు భుజం నొప్పి అని."

"మీ వదినెవరు? నాకు భుజం నొప్పేంటి?"

ఇంక తప్పలేదు. కౌంటరు అంచు పట్టుకుని, నీకు పైన రాసిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసి ఫోటో ముందు పెట్టాను. తిట్టి పొమ్మంటుందనుకున్నాను. ఆవిడ ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి చూసి, "ఇంత లావుగా ఉన్నానా నేను?" అంది.

"పైనుంచి తీస్తే ఎవరైనా అలాగే కనిపిస్తారండీ."

"ఏ పైనుంచి?"

గుమ్మంలోకి వచ్చి చూపించాను. ఆవిడ తలెత్తి చూసింది. "ఆ చివరి కిటికీయా? అక్కడ ఎవరూ ఉండటం లేదనుకున్నానే!"

ఆ మాట అనే బదులు కోప్పడినా బాగుండేది. మూడేళ్ళు నేను ఆవిణ్ణి చూస్తూనే ఉన్నాను, ఆవిడ లెక్కలో ఆ ఇల్లు ఖాళీ.

ఏమనుకుందో ఏమో, "సర్లెండి, ఇప్పుడు ఎదురుగానే ఉన్నాంగా, తియ్యండి ఒకటి" అంది. కెమెరా తీశాను. టేపు యాభై దగ్గరే ఉంది. ఆవిడ ముఖం పట్టాలంటే కౌంటరుకి ఆనుకుని నిలబడాల్సి వచ్చింది, మాటలాడుకునేంత దగ్గర. ఆవిడ నవ్వింది. అన్నయ్యా, కెమెరాలో ఒక మనిషి నన్ను చూసి నవ్వడం అదే మొదటిసారి. నేను ఏం చెయ్యాలి? నొక్కాలి. నా పాడునోరు ఊరుకుంటేనా! "ఆ పై వరస పెట్టుడు పన్ను ఎవరు చేశారో గానీ, రంగు ఒక మెట్టు తప్పారండీ" అన్నాను.

ఆవిడ నోరు ఠపీమని మూసుకుపోయింది. నా వేలు సరిగ్గా అప్పుడే నొక్కింది.

నాలుక కరుచుకున్నాను, పళ్ళు చెయ్యడమే నా పని అని చెప్పి క్షమించమన్నాను. ఆవిడ దుప్పటికి చీటీ రాసి, గురువారం అని వేసి నా ముందుకి తోసింది. ఇరవై రెండేళ్ళకి ఒక నవ్వు దొరికితే దానికీ వంక పెట్టిన మనిషిని నేను. చీటీ తీసుకుని గుమ్మం దాకా వచ్చాను.

"ఇదిగో, ఏమండీ" అని వెనక నుంచి పిలిచింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. "అంత తెలిసిపోతోందా?"

అబద్ధం నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. "దూరానికి తెలీదండీ. దగ్గరికొస్తే తెలుస్తుంది."

"నేనూ అదే అంటాను. మా ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోరు. అద్దంలో నాకు కనపడదా ఏంటి?" అని ఇస్త్రీపెట్టెని పక్కకి జరిపింది. తర్వాత అంది, "గురువారం సాయంత్రం జనం ఉండరు. అప్పుడు రండి. దీన్ని ఏం చెయ్యొచ్చో చూద్దురుగాని. ఆ కెమెరా మాత్రం తేకండి."

ఇవాళ మంగళవారం. ఆ ఫోటో ఈ ఉత్తరంలో పెట్టాను. ఏమీ బాగాలేదు, నా తొందరకి ఫోకస్ కన్ను వదిలేసి చెవి మీద పడింది. మూతి బిగించుకుని, కళ్ళెర్రజేసి ఉంది ఆవిడ. కానీ చూడు అన్నయ్యా, కెమెరా వైపే చూస్తోంది. వదినకి కూడా చూపించి, శాలువా లాండ్రీ కౌంటరు మీద ఉందనీ, ఆవిడ తీసుకుందో లేదో నాకింకా తెలీదనీ నిజమే చెప్పు. నన్ను నాలుగు తిట్టమను.

మీరిద్దరూ తప్పకుండా రండి. ల్యాబు నుంచి రెండు కుర్చీలు అడిగి తెచ్చి, ముగ్గురికే వండుతాను. నేను ఒంటరిగానే ఉన్నాను, ఇప్పుడు నీకు తెలిసింది. అయినా నన్ను తీసుకెళ్ళడానికి రాకు, చూడటానికి రా. యాభై తీసుకురా, ముప్పై అయిదు అమ్మేసెయ్. తొందరేమీ లేదు. ఎల్లుండి సాయంత్రం నేను వీధి దాటుతాను, నాకు కెమెరాతో పని లేదు.

ఇట్లు,
ఇన్నాళ్ళూ నిన్ను నమ్మించి, ఇవాళ నిజం రాసుకున్న
నీ చెల్లెలు