కడగని స్పాంజి

నేను, ఈ ఇంటి రెండవ సంతానాన్ని, న్యాయశాస్త్రం మూడవ సంవత్సరం విద్యార్థినిని, కళాశాల వాదోపవాద బృందంలో మొదటి వక్తను, ఇరవై ఒక్క సంవత్సరాలు నిండినదానిని, ఈ కాగితాన్ని నా గదిలో నా బల్ల ముందు కూర్చుని నా సొంత దస్తూరితో రాస్తున్నాను. నా బుద్ధి నిలకడగా ఉంది. అమ్మ ఈ మాట ఒప్పుకోదు. ఆమె అభ్యంతరాన్ని నమోదు చేసుకుని తోసిపుచ్చుతున్నాను. నన్ను ఎవరూ ప్రేరేపించలేదు, బతిమాలలేదు, బెదిరించలేదు. బెదిరించగలవారు ఈ ఇంట్లో లేరు.

ఎల్లుండి గురువారం ఉదయం నా మెడలో, థైరాయిడ్ గ్రంథి మీద లేచిన గడ్డను కోసి తీసేస్తారు. ప్రాణానికి భయం లేదని సర్జన్ గారు అన్నారు. కాని గొంతును నడిపే నరం సరిగ్గా ఆ గడ్డ వెనకనుంచే పోతుందట. "నూటికి ఒకరిద్దరికి మాట పోవచ్చమ్మా, చాలామందికి మళ్లీ వచ్చేస్తుంది" అన్నారు. 'చాలామంది' అంటే ఎంతమంది అని అడిగాను. ఆయన గడియారం చూసుకున్నారు. కాబట్టి ఈ వీలునామా రెండు సందర్భాల్లో అమలులోకి వస్తుంది: నేను లేకపోయినప్పుడు, లేదా నా గొంతు లేకపోయినప్పుడు. రెండో సందర్భంలో వీలునామా చెల్లదని చట్టం తెలిసిన ప్రతివారూ అంటారు. అనవచ్చు. వారికి ఎదురు చెప్పే గొంతు నాకు లేనప్పుడు కాగితమైనా ఉండాలి.

నాకున్న ఆస్తి కొద్దిపాటిది. అందులో పోట్లాడుకోదగినది ఒక్కటే: హాల్లో కిటికీకి ఎదురు గోడన ఉన్న మూడడుగుల చేపల తొట్టి, దానిలోని మొక్కలు, చేపలు, నత్తలు, నీరు. అది ఎవరికి చెందాలన్నదే ఈ పత్రం తేల్చవలసిన విషయం. మిగతా క్లాజులు దాని చుట్టూ ఉన్నవే.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా బృందంలో రెండవ వక్తకు అప్పగిస్తున్నాను. ఆపవలసిన చోట ఆపడు కాబట్టి అందరూ అతన్ని కామా అంటారు. అతనికి నా స్టాప్‌వాచ్ ఇస్తున్నాను. ఏడు నిమిషాలంటే ఏడే నిమిషాలని అది అతనికి గుర్తు చేయాలి. కళాశాలల ఫైనల్లో నా మూడవ అంశాన్ని నన్ను అడగకుండా ఎదుటివారికి వదిలేశాడు. దానికి నేనింకా అతన్ని క్షమించలేదు, ఈ క్లాజును క్షమించినట్టుగా చదువుకోరాదు.

2. స్నానాలగదిలో వరసగా ఉన్న అయిదు బకెట్లను అమ్మకు తిరిగి స్వాధీనం చేస్తున్నాను. కొళాయి నీళ్ళను ఒక రోజు మొత్తం వాటిలో తేరనిచ్చి తొట్టిలో పోస్తాను. "నీళ్ళకి కూడా విశ్రాంతి కావాలా తల్లీ, మేం ఎక్కడ పోసుకోవాలి?" అని నాలుగేళ్లుగా ఆమె అడుగుతోంది. నా బహుమతి కప్పులు కూడా ఆమెవే. ఇప్పటికే వాటిలో పిన్నీసులు, గుండీలు వేసుకుంటోంది, ఇకనుంచి హక్కుగా వేసుకోవచ్చు. నేను మాట్లాడిన ప్రతి పోటీకి ఆమె వచ్చి మొదటి వరసలో కూర్చుంది. ఎదుటి పక్షం మాట్లాడుతున్నప్పుడు మాత్రమే నిద్రపోయింది. ఆ న్యాయబుద్ధికి నా దగ్గర సరిపడే వస్తువు లేదు.

3. ఇక తొట్టి. ఇది నా స్వార్జితం కాదు. అన్నయ్యకూ నాకూ చెరిసగం ఉమ్మడి ఆస్తి. అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. స్టాండును ఇనుప యాంగిళ్లతో తనే వెల్డింగ్ చేశాడు. ఎర్రబడిన కళ్ళతో వచ్చి, "దీని మీద ఏనుగును పెట్టినా కదలదే" అన్నాడు. అడుగున మొక్కల మట్టి, దాని మీద ఇసుక, మధ్యలో ఏటి ఒడ్డున దొరికిన మొద్దు. ఆ మొద్దును రెండు వారాలు నీళ్ళలో నానబెట్టాం, అయినా మూడు రోజులు తేలుతూనే ఉంది. అనూబియాస్ మొక్క దుంపను ఇసుకలో పాతితే కుళ్లిపోతుందని నేను చదివాను. అన్నయ్య అమ్మ కుట్టుపెట్టెలోంచి నల్లదారం తీసి దాన్ని మొద్దుకు కట్టాడు. పుస్తకం నాది, చెయ్యి అన్నయ్యది. మాకు మూడోమనిషి అవసరం రాలేదు.

మొదటి అయిదు వారాలు తొట్టిలో ఒక్క చేపా లేదు. చేపల మలినం నీటిలో విషమవుతుంది. ఆ విషాన్ని తినే కంటికి కనిపించని జీవులు ఫిల్టర్ స్పాంజిలో పుట్టి పెరిగేదాకా ఆగాలి. ఆ అయిదు వారాలూ అన్నయ్య పనినుంచి రాగానే బూట్లు విప్పకుండా తొట్టి ముందు కూలబడి, "ఏంటే, ఇవాళ సినిమా ఏంటి?" అనేవాడు. "నిన్నటిదే. పాచి, రెండో భాగం" అనేదాన్ని. ఖాళీ నీళ్ళను చూస్తూ ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ అయిదు వారాలను నేను ఎవరికీ రాసివ్వడం లేదు. అవి నాతోనే పోతాయి.

4. రెండేళ్ల క్రితం అన్నయ్యకు పెళ్లయింది. ఈ క్లాజు వదిన మీద నా ఫిర్యాదు.

వదిన కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. ఇంట్లోకి వచ్చిన నెలలోపే గౌరామి చేప ఆమె వెంట పడింది. ఆమె హాల్లో అటునుంచి ఇటు నడిస్తే అది అద్దం వెంబడి అటునుంచి ఇటు ఈదుతుంది. రెండేళ్లు మేత వేసినదాన్ని నేను. ఆమె పసుపు చొక్కా రంగు వల్ల అలా జరుగుతోందని వాదించాను. ఆమె మర్నాడు బూడిదరంగు వేసుకుంది, ఆ మర్నాడు తెలుపు. ప్రయోగం ఫలితాలు నాకు అనుకూలంగా రాలేదు గనుక నోటుపుస్తకంలో ఎక్కించలేదు. ఎర్రగా మారవలసిన రొటాలా మొక్కను నేను ప్రతి ఆదివారం స్కేలు పెట్టి కొలిచి కత్తిరించాను, అది గోధుమరంగులోనే మొండికేసింది. "ఈ ఒక్క నెలా దాన్ని పైకి రానిద్దామా?" అంది వదిన. దీపానికి దగ్గరయ్యేసరికి కొసలు ఎర్రబడ్డాయి. అన్నయ్య ఆ రోజు, "చూశావా, మీ వదిన చెయ్యి!" అన్నాడు. నా చెయ్యి గురించి నాలుగేళ్లలో ఎన్నడూ అనలేదు.

ఇప్పుడు కొత్త ఆకు విచ్చుకుంటే అన్నయ్య మొదట పిలిచేది ఆమెను.

వీటన్నిటికన్నా పెద్ద నేరం మరొకటి ఉంది. వదిన వాదించదు. నేను మూడు అంశాలు, రెండు ఉదాహరణలు, ఒక ముగింపు సిద్ధం చేసుకుని వెళ్తాను. "అవును కదా, ఒప్పుకుంటాను లాయరమ్మా" అని టీ కప్పు చేతికిస్తుంది. ఎదుటి పక్షం లేని సభలో నేను ఎలా గెలవాలి? రాష్ట్రస్థాయి వక్తల్ని ఓడించాను. ఈమె ముందు రెండేళ్లుగా ప్రతి రోజూ గెలుస్తున్నాను, ప్రతి రోజూ ఓడిన ముఖంతో గదిలోకి వస్తున్నాను.

5. ఈ క్లాజు నా మీద నా ఫిర్యాదు.

పోయిన జూన్‌లో వదిన తనకంటూ ఒక చిన్న తొట్టి కొనుక్కుంది, మోకాలి మీద పెట్టుకోగలిగినంతది. పెద్ద తొట్టి ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క ఇమ్మని నన్ను అడిగింది. అన్నయ్యను అడగలేదు, నన్నే అడిగింది. ఎందుకు అడిగిందో చెప్పాలి. పాత స్పాంజి చూడడానికి అసహ్యంగా, గోధుమరంగు జిగురుతో ఉంటుంది. ఆ జిగురులోనే విషాన్ని తినే జీవులన్నీ ఉంటాయి. దాన్ని ఉన్నదున్నట్టు కొత్త తొట్టిలో పెడితే అయిదు వారాలు ఆగవలసిన పని ఉండదు.

నేను సగం ముక్క కోసి స్నానాలగదిలోకి తీసుకెళ్లి, తలుపు వేసుకుని, కొళాయి కింద పెట్టి పిండాను. ఏడెనిమిదిసార్లు పిండాను. గోధుమరంగు పోయి, బూడిదరంగు పోయి, నీళ్ళు తెల్లగా వచ్చేదాకా పిండాను. ఆ జీవులు సగం కొళాయి నీళ్ళలోని క్లోరిన్‌కు, సగం నా పిడికిలికి పోయాయి. ఏం చేస్తున్నానో నాకు పూర్తిగా తెలుసు. ఈ ఇంట్లో ఆ పుస్తకం చదివింది నేనొక్కదాన్నే.

"అయ్యో, నా కోసం ఇంత శుభ్రం చేశావా!" అంది వదిన. నా భుజం తట్టింది.

ఎనిమిది నియాన్ చేపలు వేసుకుంది. తొమ్మిది రోజుల్లో ఎనిమిదీ పోయాయి. ఒక్కోదాన్ని టీ చెంచాతో తీసి, పూలకుండీ మట్టిలో పెట్టింది. ఆ వారమే భోజనాల దగ్గర నేను, ఏమీ చదవకుండా తొట్టి మొదలుపెట్టేవారి గురించి చక్కటి ప్రసంగం చేశాను. నిర్మాణం బాగుంది, ముగింపు ఇంకా బాగుంది. వదిన, "నిజమే, ఒప్పుకుంటాను. నా చేతిలో ఏదీ బతకదేమో" అంది. ఆ చిన్న తొట్టిని తుడిచి అటక మీద పెట్టింది. ఇప్పుడు అందులో బట్టల క్లిప్పులు ఉన్నాయి.

నేను అబద్ధం ఆడలేదు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఈ వాదన న్యాయస్థానంలో నిలబడుతుంది. తొమ్మిది నెలలుగా హాల్లో నిలబడడం లేదు.

6. ఈ వీలునామాకు ముందొక ప్రతి ఉండేది. దాని సంగతి కూడా ఇక్కడ నమోదు కావాలి. అందులో తొట్టిలో నా సగభాగాన్ని వదినకే రాశాను. చెల్లని పక్షంలో ఆ భాగం మా కళాశాల జీవశాస్త్ర ప్రయోగశాలకు పోవాలనీ రాశాను. సాక్షిగా వదిన పేరే పెట్టాను. వీలునామాకు సాక్షి సంతకం చేసినవారికి దాని కింద ఏమీ దక్కదు. మొదటి సంవత్సరం పాఠం అది. చూసేవారికి నా ఔదార్యం, ఆమెకు సున్నా. అంత అందమైన వాక్యనిర్మాణం నేను అంతకుముందు చేయలేదు.

నిన్న సాయంత్రం వదిన దుకాణంనుంచి రాగానే ఆ కాగితం ముందు పెట్టాను. సంచి భుజాన ఉండగానే పెన్ను మూత తీసి, "ఎక్కడ పెట్టమంటావు లాయరమ్మా?" అంది. చదవవా అని అడిగాను. "నువ్వు రాశావుగా, ఇంక నేను చూసేదేముంది? ఇదిగో, గురువారం సెలవు పెట్టాను. మీ అన్నయ్య ఆస్పత్రి వాసనకే కళ్ళు తిరిగి పడిపోతాడు, ఆయన్నెవరు చూడాలి, నిన్నెవరు చూడాలి? నేనుంటా" అంది. తేదీ తప్పు పడిందని చెప్పి కాగితం వెనక్కి తీసుకున్నాను. గదిలోకి వచ్చి నాలుగు ముక్కలు చేశాను. ఆ ప్రతి రద్దయింది.

7. కాబట్టి నా స్వేచ్ఛగా రాస్తున్నది: తొట్టిలో నా సగభాగాన్ని, నా గొంతు ఎటుపోయినా, వదినకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. నీటిని నిలువునా పంచలేం గనుక మిగతా సగంతో ఆమె ఎలా కాపురం చేసుకుంటుందో ఆమె ఇష్టం. కొళాయి తగలని, ఎన్నడూ కడగని స్పాంజి సగం కూడా ప్రత్యేకంగా ఆమెదే. దాన్ని తొట్టిలోంచి తీసిన నీళ్ళలో మాత్రమే ముంచి తీయాలి. అటక మీది చిన్న తొట్టిని దించి, ఆ గోధుమరంగు నీళ్ళను అందులోకి పిండాలి. చూడడానికి బాగుండదు. ఒక్క రోజు ఓపిక పడితే తేరుకుంటుంది. ఎడమ మూలనున్న క్రిప్టోకోరైన్ మొక్కను కూడా అందులోకి మార్చుకోవచ్చు. చోటు మారగానే దాని ఆకులన్నీ కరిగిపోతాయి. అప్పుడు తన చేతిని తిట్టుకుని పీకి పారేయకూడదు. వేరు బతికే ఉంటుంది. అది దాని అలవాటు, ఆమె తప్పు కాదు.

ఎనిమిది నియాన్‌లూ ఆమె తప్పు కాదు.

అన్నయ్యకు పొడవాటి పట్టకారు, కత్తెర, నా నోటుపుస్తకం. గౌరామి పేజీలో ఆ చొక్కాల ప్రయోగం ఫలితాలు ఇవాళే ఎక్కించాను, చూసుకోవచ్చు. కొత్త ఆకును మొదట వదినకు చూపించడంపై నా అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంటున్నాను. పూర్తిగా కాదు. రెండోసారి పిలిచేది నన్నే కావాలి.

8. పై దఖలుకు ఒక షరతు ఉంది. అయిదవ క్లాజును చదివి వినిపించే పనిని కామాకు వదలడం లేదు. రేపు బుధవారం సాయంత్రం, తొట్టి దీపం ఆరేలోపు, వదినను ఎదురుగా కూర్చోబెట్టి నేనే చదువుతాను. ఆ మాటలకు నా గొంతే కావాలి, అది ఉండగానే కావాలి. చదివాక ఆమె "ఒప్పుకుంటాను లాయరమ్మా" అంటే ఈ దఖలు చెల్లదు. ఆమె నాతో పోట్లాడాలి. ఏడు నిమిషాలకు తగ్గకూడదు. స్టాప్‌వాచ్ కామా పట్టుకుంటాడు. నేను మధ్యలో అడ్డుపడను. రేపు ఆమెకు మాట పెగలకపోతే గురువారం తర్వాత ఎప్పుడైనా పోట్లాడవచ్చు. అప్పటికి నా నోరు పనిచేయకపోతే ఆ అవకాశాన్ని నిర్దయగా వాడుకోవాలి. ఆమె చోట నేనుంటే వాడుకునేదాన్నే.

నా గొంతు తిరిగి వస్తే జవాబు చెబుతాను. రాకపోతే నా జవాబు కూడా ఆమే చెప్పాలి. రెండేళ్లుగా నా వాదనలు చివరిదాకా విన్నది ఆమె ఒక్కతే; ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పగలదు.

ఇది చదువుకుని, సరిగ్గా ఉందని నిశ్చయించుకుని, సంతకం చేస్తున్నాను.

2025 మార్చి 11, మంగళవారం, సాయంత్రం అయిదున్నర

(సంతకం)
ఈ ఇంటి రెండవ సంతానం

సాక్షులు:
1. వీధి మలుపులో చేపల కొట్టు నడిపే ఆయన. నీళ్ళ విషయంలో నాతో నాలుగేళ్లుగా ఏకీభవించడు. ఈ కాగితంతో మాత్రం ఏకీభవించనక్కర్లేదు, సంతకం చాలన్నాను.
2. కింది వాటాలోని దర్జీ ఆవిడ. మొత్తం చదివాకే పెడతానన్నారు. చదివారు. అయిదవ క్లాజు దగ్గర కళ్లజోడు తీసి నా వైపు చూశారు. తర్వాత పెట్టారు.

కామాకు స్టాప్‌వాచ్ చెందుతున్నందున అతను సాక్షిగా పనికిరాడు. దీనిమీద పావుగంట వాదించాడు. వదిన వంటగదిలోంచి రెండుసార్లు, "నేను పెట్టనా సంతకం?" అని అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో రేపు చెబుతాను.