పటానికి పడిన దండ

మే 3, ఆదివారం
ఇక్కడ గల్ఫ్‌లో, సీబ్‌లో ఈ విల్లాకు నర్సుగా వచ్చి నెల. పేషెంటు ఒక్కరే — జర్మనీ ముసలాయన, రిటైరైన ఇంజనీరు. సార్ అంటాను. బీపీ, షుగరు, చేతుల వణుకు. మనిషి మంచివాడే, కానీ రోజూ తాతకు తాత పురాణం! గుర్రబ్బండ్ల కాలంలో బట్టల మిల్లు ఆసామి. బొమ్మలు గీసేవాళ్ళు, పాడేవాళ్ళు ఎవరొచ్చినా ఇంట్లో పెట్టుకుని పోషించాడట. సార్ ఆయన మీద పుస్తకం రాస్తున్నారు. నాకు మాత్రం కథంతా ఇప్పటికే నోటికొచ్చేసింది.

మే 6
హాల్లో ఆ పెద్దాయన ఫోటో. నల్లకోటు, గడియారం గొలుసు, గుబురు మీసం. తోటపని చేసే రాజన్న — జగిత్యాల మనిషి — పెరట్లో మల్లెలు కోసి దండ గుచ్చాడు. "ఎంతమందికి బువ్వ వెట్టిండు సిస్టరమ్మా! దండ లేక గోడ బోసిపోయి ఉన్నది." నిజమే అనిపించింది. స్టూలు నేనే పట్టుకున్నాను. సార్ లేచి చూస్తే సంతోషిస్తారు.

అదే రోజు, సాయంత్రం
సార్ చాలాసేపు నిలబడి చూశారు. నవ్వలేదు. "అది ఆయన కాదు. నేనే." మిల్లు ఉత్సవంలో ఆ పెద్దాయన వేషం కట్టి తీయించుకున్న ఫోటోనట!

బతికున్న మనిషికి దండ వేశాం... గబగబా తీసేశాను. రాజన్న లెంపలేసుకుంటున్నాడు. మా వైపు చనిపోయినవాళ్ళ ఫోటోకే దండ వేస్తారని సార్‌కు చెప్పక తప్పలేదు. ఆయన నిదానంగా తల ఊపారు. "అలాగైతే ఉండనివ్వండి."

మళ్ళీ వేయించారు.

మే 9
టీలో పంచదార వద్దన్నారు. రోజూ రెండో చెంచా కోసం పేచీ పెట్టే మనిషి! బీపీ బాగుంది. చేతులు వణకడం లేదు. సంతోషించాలి నేను. భయం వేస్తోంది.

మే 11
"నా మిల్లులో" అన్నారు. "మీ తాతల నాటి మిల్లు సార్," అన్నాను. కొత్తగా చేరిన పనిమనిషిని చూసినట్టు చూశారు.

మే 12
నిన్న ఎండిన దండ తీసి పారేశాను. ప్రార్థన చేసుకుని పడుకున్నాను. పొద్దున చూస్తే — పచ్చి దండ.

రాజన్న తల్లి మీద ఒట్టేశాడు. "నేను ముట్టలే సిస్టరమ్మా. చెట్టుకు మొగ్గే లేదు, పోయి చూడు." వెళ్ళి చూశాను. లేదు.

మే 14
సార్ కొడుక్కి జర్మనీకి ఫోన్ చేశాను. నాన్న ఎలా ఉన్నారన్నాడు. "చాలా బాగున్నారు. అందుకే రండి," అన్నాను. నవ్వాడు. ఇంకేం చెప్పను? మీ నాన్నను మేమే పంపించేశామేమో అని చెప్పనా?

నాకు ఆ పాత సారే కావాలి. ఏడుపొచ్చింది.

మే 15
రాజన్న హాల్లోకి రావడం మానేశాడు. కిటికీ దగ్గరే నిలబడి అడుగుతాడు. "ఇంకా ఉన్నడా?" ఎవరి గురించని నేను అడగలేదు.

మే 17
కొడుకు వచ్చాడు. ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా. మందుల పళ్ళెంతో నేను గుమ్మంలో ఉన్నాను. సార్ లేచి, ఎంతో మర్యాదగా చేయి కలిపారు. సొంత కొడుకుతో కూడా ఇంగ్లీషులోనే — "రండి. బొమ్మలు గీస్తారా, పాడతారా? ఏదైనా సరే, ఇక్కడే ఉండండి. గది ఇప్పిస్తాను."

కొడుకు నవ్వబోయాడు. దగ్గరికెళ్ళి ఆ ముఖంలోకి చూశాడు... అలాగే వెనక్కి నడిచి, నన్ను వంటింట్లోకి తీసుకొచ్చాడు. పెదవులు తెల్లబడ్డాయి. వయసు మీద పడి మతిమరుపు వచ్చిందంటాడనుకున్నాను. ఆ మాట అంటే బాగుండునని ఎంత ఆశపడ్డానో.

"సిస్టర్, మా నాన్న ఎక్కడ?"

హాల్లో బెల్లు మోగుతోంది, నా కోసమే. మా సార్ ఎప్పుడూ బెల్లు కొట్టరు. పేరు పెట్టి పిలుస్తారు.