పాత కంప్యూటర్‌లో మిగిలిన పేరు

పోచంపల్లి

తమ్ముడు శ్రవణ్‌కు,

మొన్న నువ్వు ఫోన్ చేస్తే మాట్లాడలేక పెట్టేశాను. ఏమీ అనుకోకు. అందుకే ఈ ఉత్తరం.

మీ బావ చనిపోయాక చీరల డిజైన్లు నేనే గీయాలని కూర్చున్నాను కదా. ఆయన వాడిన పాత సాఫ్ట్‌వేర్ పాడైపోయినా, కంప్యూటర్‌లో దాని పేరు మిగిలే ఉంది. తీసేయబోతే ఫైలు దొరకడం లేదనేది. అది ఉన్నంతవరకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కలేదు. మగ్గం ఖాళీగా ఉండిపోయింది.

నువ్వు చెప్పినట్టే, కంప్యూటర్‌లో ఎక్కించినవాటి వివరాలన్నీ ఉండే ఆ రిజిస్ట్రీలోకి వెళ్లి వెతికాను. దొరికింది. దాని కిందే మీ బావ పేరు కూడా ఉంది, కొన్నప్పుడు ఆయన టైపు చేసుకున్నది. నా చెయ్యి ఆగిపోయింది. పక్కన మగ్గానికి నూలు కండెలు చుడుతున్న అత్తమ్మ అది చూసింది.

"ఏమైంది బిడ్డా?"

"గిండ్ల నీ కొడుకు పేరున్నది అత్తమ్మా. గీ పాతది తీసేస్తె గది గూడ పోతది."

ఆమె చేతిలోని కండె పక్కన పెట్టింది. తర్వాత, "తీసెయ్. మగ్గం ఆగితె వాడు ఊకుంటుండెనా?" అంది.

తీసేశాను. కొత్తది ఎక్కింది. నిన్న ఒక కొంగు డిజైన్ కూడా పూర్తయింది.

కానీ ఆ రోజు నుంచి అత్తమ్మ సరిగ్గా తినడం లేదు. నేనెక్కడ ఏడుస్తానోనని నా ముందు కొడుకు మాటే ఎత్తదు. ఆదివారం ఒకసారి రా. కంప్యూటర్ చూడనక్కర్లేదు, అది నడుస్తోంది. అత్తమ్మ దగ్గర కూర్చుని, మీ బావ ముచ్చట్లు అడుగు.

మీ అక్క